తలరాత అని రాయకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రాత్రే చదివాను. ఆస్పత్రిలో తమ్ముడి మంచం పక్కన మీ అమ్మ సెలైన్ చుక్కలు లెక్కపెడుతూ కూర్చున్న పేరా బాగుంది. ఆ తర్వాతి వాక్యమే నా నిద్ర చెడగొట్టింది: "డెంగీ జన్యువు ఉన్నవారి తలరాత అంతే."

డెంగీ జన్యువు అనేది లేదు నాయనా. వియత్నాం పిల్లల మీద 2011లో వెలువడిన పరిశోధన నీకు ఆధారం కాబోలు. డెంగీ షాక్‌కు, అంటే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయే స్థితికి లోనైన రెండు వేల మందికి పైగా పిల్లల జన్యువులను అంతే సంఖ్యలో ఇతరులతో పోల్చి చూశారు. ఎంఐసీబీ, పీఎల్‌సీఈ1 అనే రెండు జన్యువుల దగ్గర తేడాలు కనిపించాయి. మొదటి దాని నుంచి తయారయ్యే ప్రొటీన్ ఆపదలో పడ్డ కణం పైపొర మీదికి వచ్చి, ఆ కణాన్ని చంపమని రక్షక కణాలను పిలుస్తుంది. అక్కడి తేడా వల్ల షాక్ ముప్పు కొంత పెరుగుతుంది. కొంతే! ఈ 'కొంత' కోసం నేను ముప్పై ఏళ్లుగా సంపాదకులతో తగవులాడుతున్నాను.

ఒకసారి సీసీఆర్5 అనే జన్యువు గురించి రాశాను. హెచ్ఐవీ కణంలోకి దూరడానికి వాడుకునే తలుపు లాంటి ప్రొటీన్ దాని నుంచే తయారవుతుంది. ఆ జన్యువులో 32 డీఎన్ఏ అక్షరాలు లోపించిన ప్రతులే తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చినవారికి హెచ్ఐవీ సోకడం చాలా అరుదు. అలాంటివారికే దోమ ద్వారా వెస్ట్ నైల్ వైరస్ సోకితే జబ్బు లక్షణాలు బయటపడే ముప్పు ఎక్కువని 2006లో అమెరికాలో తేలింది. ఒకచోట కాచిన లోపమే ఇంకోచోట కాటు వేస్తుందన్నమాట. తలనూనె ప్రకటనకు చోటు చాలక రెండో సగం ఎగిరిపోయింది. పైన 'అదృష్ట జన్యువు' అని శీర్షిక! ఆ జన్యువు ఇంజెక్షన్ ఎక్కడ దొరుకుతుందని నాకు ఉత్తరాలు వచ్చాయి. ఆ లోపం ఎక్కువగా ఐరోపా సంతతిలో కనిపించేదని, మన దగ్గర అరుదని ఎవరికని చెప్పను?

ఇక మూడో పేజీ. తమ్ముడికి రెండేళ్ల కిందట కూడా డెంగీ వచ్చిందని సగం వాక్యంలో రాసి వదిలేశావు. నీ వ్యాసమంతా అక్కడుంది! క్యూబాలో 1977లో ఒకటో రకం డెంగీ వ్యాపించింది. 1981లో రెండో రకం వచ్చినప్పుడు, మొదటిది సోకినవారిలోనే ఎక్కువమంది ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. మొదటి జ్వరంలో తయారైన యాంటీబాడీలు అనే రక్షక ప్రొటీన్లు కొత్త రకాన్ని అడ్డుకోలేక, పట్టుకుని కణాల్లోకి మోసుకుపోతాయి. జన్యువుల తేడా ఈ కథలో ఒక పాత్రే.

ఆ మొదటి జ్వరం ఎన్నాళ్లుందో, రక్తపరీక్ష చేయించారో లేదో అమ్మను అడుగు. ఆ కాగితం బీరువాలో ఎక్కడో ఉండే ఉంటుంది.