మంజీర, మానేరు, మూసీ, మున్నేరు: ఒకే అక్షరంతో మొదలయ్యేవాటిని కలిపే చదవాలి

పోటీ పరీక్షలకు జనరల్ నాలెడ్జ్ చదివేటప్పుడు ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లను పక్కపక్కన పెట్టుకుంటే గుర్తుంటాయా, లేక ఒకదానితో ఒకటి కలిసిపోయి పరీక్షలో దెబ్బ తీస్తాయా అని మీరు అడిగారు. తప్పకుండా గుర్తుంటాయి. అసలు గందరగోళమంతా వాటిని విడివిడిగా, వేరువేరు అధ్యాయాల్లో చదవడం వల్లనే వస్తుందని నా గట్టి అభిప్రాయం. పోచంపాడు నీటిపారుదల పాఠంలోనూ, పోచంపల్లి భూదానోద్యమం పాఠంలోనూ, పోచారం అభయారణ్యాల పట్టికలోనూ వస్తాయి. మూడూ మూడు వేర్వేరు రోజుల్లో చదివిన అభ్యర్థికి ప్రశ్నపత్రంలో అవి మొదటిసారి ఒకేచోట కనిపిస్తాయి. ప్రశ్నపత్రం తయారుచేసేవారికి ఈ సంగతి బాగా తెలుసు కాబట్టే నాలుగు ఐచ్ఛికాల్లో మూడింటిని ఒకే అక్షరంతో మొదలుపెడతారు. వారు పరీక్ష రోజున కలిపే పేర్లను మనం ఇంట్లోనే ముందుగా కలిపి, ఏది ఎక్కడిదో తేల్చుకొని వెళ్లాలి. పోచంపాడు నిజామాబాద్ జిల్లాలో గోదావరి మీద శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కట్టిన చోటు. పోచంపల్లి 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావేకు నూరెకరాలు దానమిచ్చిన ఊరు, ఇక్కత్ చీరల ఊరు. పోచారం మెదక్, కామారెడ్డి జిల్లాల సరిహద్దులో నిజాం కాలంలో కట్టిన జలాశయం, దాని చుట్టూ ఉన్న అభయారణ్యం. ఒకసారి ఈ మూడింటినీ ఒకే కాగితం మీద రాసుకున్నవారు ఇక ఎన్నడూ తడబడరు.

ఈ పద్ధతి నాకు పుస్తకాల నుంచి రాలేదు, మా తాత నుంచి వచ్చింది. ఆయన నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్స్పెక్టరుగా పనిచేశారు. పోచంపాడు నుంచి వచ్చే కాకతీయ కాలువ కరీంనగర్ దగ్గర దిగువ మానేరు జలాశయంలో కలిసేదాకా ఆ గట్లన్నీ ఆయన సైకిలు మీద తిరిగినవే. వేసవి సెలవుల్లో సాయంత్రం కరెంటు పోతే పిల్లలమంతా అరుగు మీద చేరేవాళ్లం, ఆయన ఒక అక్షరం ఇచ్చి దానితో మొదలయ్యే ఊర్లు, నదులు, చెరువులు చెప్పమనేవారు. ఒక సాయంత్రం ‘మ’ ఇచ్చి నదులు చెప్పమన్నారు. మూసీ, మంజీర అందరికీ తెలుసు. మానేరు మా ఊరిదే కాబట్టి అందరం ఒకేసారి అరిచాం. మున్నేరు పేరు మాత్రం ఖమ్మం నుంచి వచ్చిన మా మేనబావ చెప్పాడు. మామూలుగా ఆట అక్కడితో అయిపోవాలి, ఎక్కువ పేర్లు చెప్పినవాళ్లు గెలిచినట్టు. తాత అక్కడితో ఆపలేదు. ఈ నాలుగూ ఎక్కడికి పోతాయో చెప్పినవాళ్లే గెలిచినట్టు అన్నారు.

అరుగుకు షాబాద్ బండలు పరిచి ఉండేవి. ఆయన లాంతరు దగ్గరకు జరిపి, రెండు బండల మధ్య ఉన్న పైగీతను గోదావరి అన్నారు, కింది గీతను కృష్ణ అన్నారు. అమ్మమ్మ డబ్బాలోంచి నాలుగు చింతగింజలు తెప్పించి మాకు ఒక్కొక్కటి ఇచ్చి, మీ నది ఎక్కడ కలుస్తుందో అక్కడ పెట్టమన్నారు. మా బావ మున్నేరు గింజను కృష్ణ గీత మీద సరిగానే పెట్టాడు. నేను మానేరును గోదావరి గీత మీద పెట్టాను, మంథని దగ్గర అది గోదావరిలో కలుస్తుందని ఇంట్లో రోజూ వినేదే. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుందని మా అక్కకు తెలుసు. గొడవంతా మంజీర దగ్గర వచ్చింది. మా పెద్దమ్మ కొడుకు దాన్ని కూడా కృష్ణ గీత మీదే పెట్టి, “మూసీ పక్కపొంటే ఉంటది గద తాతా, అది గూడ కృష్ణలకే పోతది” అని వాదించాడు. వాడి వాదనలో బలం లేకపోలేదు, ఎందుకంటే సంగారెడ్డి దాకా మంజీర పారే దారి చూస్తే ఎవరైనా అదే అనుకుంటారు. తాత సుద్దముక్క తీసుకొని బండ మీద గీయడం మొదలుపెట్టారు. మహారాష్ట్రలో బీడ్ వైపు బాలాఘాట్ కొండల్లో పుట్టిన నది ఆగ్నేయంగా దిగి, బీదర్ దాటి, సంగారెడ్డి, మెదక్ సీమలోకి వస్తుంది. అక్కడిదాకా గీసి ఆయన చేయి ఆపారు. ఆ తరువాత సుద్దముక్కను ఒక్కసారిగా పైకి తిప్పి, ఉత్తరంగా నిజామాబాద్ వైపు లాగి, కందకుర్తి దగ్గర గోదావరి గీతకు తగిలించారు. మా వాడు చాలాసేపు ఆ వంపునే చూస్తూ కూర్చున్నాడు. “పక్కపొంటి ఉన్నంత మాత్రాన ఒక్క దారే పోవాల్నా?” అని తాత చింతగింజను తీసి కందకుర్తి మీద పెట్టారు.

అప్పుడు ఆయన చెప్పిన మాట నేను ఇప్పటికీ పిల్లలకు చెబుతాను. గుణింతం చూడండి: మం, మా గోదావరివి, ము, మూ కృష్ణవి. మంజీర, మానేరు పైకి, మున్నేరు, మూసీ కిందికి. నాలుగు పేర్లూ ఒకే అక్షరానివి కావడం వల్లనే ఈ సూత్రం కుదిరింది, వాటిని విడివిడిగా చదివి ఉంటే ఎవరికీ తట్టేది కాదు. ఇక ఆ బొమ్మ నుంచి ఎన్ని విషయాలు పుడతాయో చూడండి. హైదరాబాదు మూసీ ఒడ్డున ఉన్న నగరం. 1908 సెప్టెంబరులో ఆ నది ముంచెత్తితే వేలమంది చనిపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నవారి కథ నగరమంతటికీ తెలుసు. ఆ తరువాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా తీసుకొని మూసీ మీద ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసా మీద హిమాయత్ సాగర్ కట్టారు. అవి చాలక నగరం 1960ల నుంచి మంజీర నీళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టింది. అంటే కృష్ణకు చేరే నది ఒడ్డున కూర్చొని, గోదావరికి చేరే నది నీళ్లు తాగిన నగరం అది. మంజీర మీదే సంగారెడ్డి జిల్లాలో సింగూరు, కామారెడ్డి జిల్లాలో నిజాంసాగర్ ఉన్నాయి. పరీక్షలో ఈ జలాశయాలు ఏ పరీవాహక ప్రాంతానివి అని అడిగితే, బండ మీద పైకి తిరిగిన ఆ సుద్దగీత గుర్తున్నవారు క్షణంలో గోదావరి అని రాస్తారు.

బజారులో దొరికే బిట్ల పుస్తకాల మీద నాకు కోపం రావడానికి కారణం ఇదే. వాటిలో ‘మ అక్షరంతో మొదలయ్యే నదులు’ అని శీర్షిక పెట్టి పేర్లు వరుసగా అచ్చు వేస్తారు, అంతే. ఏది దేనిలో కలుస్తుంది, ఎక్కడ వంపు తిరుగుతుంది అనే మాట ఉండదు. పేరు తెలిసినంత మాత్రాన ఒక నది తెలిసినట్టు కాదు. అంతకంటే బాధ కలిగించేది, ఇలాంటి జాబితాల్లో చాలా భాగం ఆంగ్ల పుస్తకాల నుంచి దించినవి కావడం. ఒక పాఠశాలలో తెలుగులో నిర్వహించిన క్విజ్‌లో ‘చ’ తో మొదలయ్యే నాలుగు దేశాలు రాయమన్నారు. మా మేనకోడలు చైనా, చిలీ, చాద్, చెక్ రిపబ్లిక్ అని రాసింది. జవాబు పత్రంలో చైనా, చిలీతో పాటు కెనడా, క్యూబా ఉన్నాయట. ఆంగ్లంలో ‘సి’ కింద ఉన్న జాబితాను పేర్లు కూడా చూడకుండా ‘చ’ కింద పెట్టేశారు, పిల్లకు సగం మార్కులే వేశారు. ఆంగ్లంలో ఒకే గదిలో ఉన్న దేశాలు తెలుగులోకి వచ్చేసరికి మూడు చోట్లకు వెళ్తాయి: కెనడా, క్యూబా, కొలంబియా ‘క’ కిందికి వచ్చి కెన్యా, కువైట్ పక్కన కూర్చుంటాయి, సైప్రస్ ‘స’ లోకి పోతుంది, చైనా, చిలీ, చాద్ ‘చ’ లో మిగులుతాయి. తెలుగు మాధ్యమంలో పరీక్ష రాసేవారు తెలుగు అక్షరాల ప్రకారమే గుంపులు కట్టుకోవాలి. దీనికి మినహాయింపు లేదు.

మా మేనకోడలి నాలుగు దేశాలతోనే పద్ధతిని మళ్లీ చూపిస్తాను. వాటిని రెండుగా చీల్చే ప్రశ్న ఏది? సముద్రం ఉందా అని అడగండి. చైనా, చిలీ పసిఫిక్ తీరాన ఉన్నాయి, ఒకటి ఆసియా వైపు, మరొకటి దక్షిణ అమెరికా వైపు. చాద్, చెక్ రిపబ్లిక్‌లకు నాలుగు వైపులా నేలే, ఒకటి ఆఫ్రికాలో, మరొకటి ఐరోపాలో. ఒక్క ప్రశ్నతో నాలుగు దేశాలు, నాలుగు ఖండాలు, భూపరివేష్టిత దేశాల పాఠం అన్నీ వచ్చేశాయి. ఇలా చీల్చే ప్రశ్న దొరికేదాకా ఏ గుంపునూ వదలకూడదు.

మన దేశంలో ఎక్కువ రాష్ట్రాలున్న అక్షరం కూడా ‘మ’ నే: మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, మణిపూర్, మేఘాలయ, మిజోరం. వీటికి సరిహద్దుల ప్రశ్న వేయండి. సముద్రతీరం ఉన్నది ఒక్క మహారాష్ట్రకే. మధ్యప్రదేశ్‌కు సముద్రమూ లేదు, విదేశంతో సరిహద్దూ లేదు. మణిపూర్‌కు మయన్మార్‌తో, మేఘాలయకు బంగ్లాదేశ్‌తో సరిహద్దు ఉంది, మిజోరంకు ఆ రెండింటితోనూ ఉంది. తేదీల ప్రశ్న వేసినా మంచి పంట వస్తుంది: మణిపూర్, మేఘాలయ 1972 జనవరి 21న ఒకే రోజు రాష్ట్రాలయ్యాయి, మిజోరం మాత్రం 1987 ఫిబ్రవరి దాకా ఆగింది.

మీరు గ్రూప్స్‌కు సిద్ధమవుతున్నట్టు రాశారు కాబట్టి, ‘మ’ తరువాత ‘శ్రీ’ తీసుకోండి, ఎందుకంటే మన రెండు రాష్ట్రాల ప్రశ్నపత్రాల్లో అభ్యర్థులు ఎక్కువగా తడబడేది అక్కడే. శ్రీశైలం, శ్రీరాంసాగర్ ప్రాజెక్టులకు రెండింటికీ 1963 జూలైలో నెహ్రూయే శంకుస్థాపన చేశారు. పేరూ ఒకేలా, నెలా ఒకటే, చేయీ ఒకటే కావడంతో నది దగ్గరకు వచ్చేసరికి చాలామంది తారుమారు చేస్తారు. వీటికి వేయవలసిన ప్రశ్న ఏ నీటి ఒడ్డున ఉందన్నది. శ్రీశైలం కృష్ణ మీద, శ్రీరాంసాగర్ గోదావరి మీద, శ్రీకాళహస్తి స్వర్ణముఖి ఒడ్డున, శ్రీకాకుళం నాగావళి ఒడ్డున ఉన్నాయి. శ్రీహరికోటకు మాత్రం నదితో పని లేదు, దానికి ఒకవైపు పులికాట్ సరస్సు, మరోవైపు బంగాళాఖాతం.