రసీదు నంబరు తప్పుగా వస్తే యాప్ ఏం చెయ్యాలి?

ప్రశ్న: మా ట్యూషన్ సెంటర్ ఫీజు రసీదుల కోసం జాంగో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే పనిముట్టు)లో ఒక యాప్ రాశాను. రసీదు లింకు చివర "ఐడీ=482" అన్నట్టు నంబరు ఉంటుంది. పిల్లల అమ్మానాన్నలు ఆ లింకును వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకునేటప్పుడు చివర కామా అంటుకుంటే 500 ఎర్రర్ (సర్వర్‌లోనే ఏదో తప్పు జరిగిందనే పేజీ) వస్తోంది. విసుగొచ్చి ప్రతి వ్యూలోనూ (పేజీని తయారుచేసే ఫంక్షన్) ట్రై, ఎక్సెప్ట్ (తప్పు వస్తే పట్టుకునే కోడ్) పెట్టి, ఏ తప్పు వచ్చినా హోం పేజీకి పంపేస్తున్నాను. ఇప్పుడు ఎర్రర్లు లేవు గానీ "రసీదు తెరుచుకోవట్లేదు" అని ఫోన్లు ఆగట్లేదు. ఏం చెయ్యాలి?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ముందు ఆ ఎక్సెప్ట్‌లన్నీ తీసెయ్యండి, ఈరోజే. రేపు డేటాబేస్ ఆగిపోయినా, మీరే ఒక ఫీల్డు పేరు తప్పు రాసినా, అదీ హోం పేజీగానే కనిపిస్తుంది, లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు, ఫోన్ చేసిన తల్లికి చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

మీరు కలిపేసినవి మూడు వేర్వేరు సంగతులు. వచ్చింది అసలు నంబరే కాకపోవడం, నంబరే గానీ ఆ రసీదు లేకపోవడం, రసీదు ఉన్నా అది అడిగినవాళ్లది కాకపోవడం.

రెండోదానికి జాంగోలోని గెట్ ఆబ్జెక్ట్ ఆర్ 404 చాలు, రసీదు లేకపోతే అది 404, అంటే "దొరకలేదు" అనే పేజీ, ఇస్తుంది. కానీ అది మొదటిదాన్ని పట్టుకోదు, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: "482," ఇస్తే వాల్యూ ఎర్రర్ లేచి 500 అవుతుంది. కొత్త లింకుల్లో నంబరును "ఐడీ=" లేకుండా లింకు దారిలోనే పెట్టి, జాంగోలోని ఇంట్ కన్వర్టర్ వాడండి, 0 నుంచి 9 అంకెలు తప్ప వేరేదేమున్నా వ్యూ దాకా రాకుండానే 404 అవుతుంది. ఇప్పటికే ఊళ్లో తిరుగుతున్న పాత లింకులకు మాత్రం మీరే చూసుకోవాలి. ఐడీని లింకులోంచి గెట్‌తో తీసుకుని, లేకపోతే ఖాళీ స్ట్రింగ్ వచ్చేలా పెట్టండి (నన్, అంటే ఏమీ లేదనే విలువ, వస్తే దాన్ని నంబరుగా మార్చే ఇంట్ దగ్గర టైప్ ఎర్రర్ అనే ఇంకో తలనొప్పి). చివరి కామా, చుక్క తీసేసి చూడటం తప్పేం కాదు, తల్లిదండ్రులకు మేలే. ఆ తర్వాత మొత్తం స్ట్రింగ్ 0-9 అంకెలేనా అని రెగెక్స్‌తో (అక్షరాల నమూనా సరిచూసే పద్ధతి) చూసి, కాకపోతే 404. ఈ పనికి పైథాన్‌లో అంకెలేనా అని చెప్పే ఈజ్‌డిజిట్‌ను నమ్మకండి, అది "²"ను కూడా అంకె అంటుంది, కానీ ఇంట్ దాన్ని ఒప్పుకోదు. అదే పైథాన్ ఇంట్ మన తెలుగు అంకెలు "౪౮౨" ఇస్తే శుభ్రంగా 482 అంటుంది! పొడవు కూడా చూడండి: మామూలు ఇంటిజర్ ఐడీకి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో హద్దు 2147483647, అది దాటితే జాంగో పాత వెర్షన్లలో అక్కడా 500 వస్తుంది.

నాకు అసలు భయం మూడోదాని గురించే. 482ను 483 చేస్తే ఇంకో పిల్లవాడి పేరు, ఫీజు, ఫోన్ నంబరు కనిపిస్తాయా? ఇప్పుడే చూడండి. వెబ్ భద్రతలో అందరూ చూసే, ఓవాస్ప్ అనే సంస్థ 2021 జాబితాలో మొదటి స్థానం ఇలాంటి యాక్సెస్ లోపాలదే. లాగిన్ ఉంటే, రసీదులన్నిట్లో కాకుండా లాగిన్ అయినవాళ్ల రసీదుల్లోనే వెతకండి, వాళ్లది కానిది దానంతటదే 404 అవుతుంది. 403 (చూడటానికి అనుమతి లేదు) ఇస్తే అలాంటి రసీదు ఉందని చెప్పినట్టే. లాగిన్ లేకుండా తెరుచుకునే లింకులైతే వరుస నంబర్లు వద్దు, యూయూఐడీ4 (యాదృచ్ఛికంగా తయారయ్యే పొడవాటి గుర్తు) పెట్టండి, దాన్ని ఊహించి పట్టుకోవడం కుదరదు. అయితే లింకు చేతికొచ్చిన ప్రతివాళ్లకూ రసీదు తెరుచుకుంటుంది, కాబట్టి అందులో ఫోన్ నంబరు ఉంచకండి.

404 పేజీ కూడా తెలుగులో రాయండి: "ఈ రసీదు దొరకలేదు, లింకు పూర్తిగా వచ్చిందో లేదో చూడండి" అని, కింద మీ సెంటర్ ఫోన్ నంబరు. ఆ పేజీ కనిపించాలంటే సర్వర్‌లో జాంగో డీబగ్ సెట్టింగ్ ఫాల్స్ అయి ఉండాలి. చివరగా టెస్టులు: ఖాళీ ఐడీ, "48ఎ", "²", 99999999999, ఇంకొకరి రసీదు నంబరు. ఐదింటికీ 404 వచ్చాకే సర్వర్‌కు ఎక్కించండి.