కారు అమ్మారు సరే, ఆర్సీలో పేరు ఎవరిది?

ప్రశ్న: రెండేళ్ల క్రితం నా పాత కారును, పాత కార్లు కొని అమ్మే ఒక కన్సల్టెన్సీకి అమ్మాను. వారు డబ్బు ముట్టజెప్పి, ఖాళీ ఫారాల మీద నాలుగైదు సంతకాలు చేయించుకుని, ఆర్సీ పట్టుకుని వెళ్లారు. ఇప్పుడు వేరే జిల్లా నుంచి అతివేగం చలాన్లు నా ఫోనుకు వస్తున్నాయి. అడిగితే కారు ఎప్పుడో చేతులు మారిందని, తమకు సంబంధం లేదని అంటున్నారు. ఆ చలాన్లు నేను కట్టాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: చలాన్లు వేలల్లోనే ఉంటాయి కాబట్టి వాటి సంగతి కాసేపు పక్కన పెడదాం. ఆ కారు రేపు ఎవరినైనా గుద్దితే ఏమవుతుందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. మోటారు వాహనాల చట్టం దృష్టిలో యజమాని అంటే ఆర్సీలో పేరున్న వ్యక్తి. డబ్బు ఎవరు ఇచ్చారు, తాళం ఎవరి జేబులో ఉంది అన్నవి ఆ తరువాతి మాటలు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసులో అసలు యజమాని తన కారును 2007లోనే అమ్మేశారు. అది ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ పోయింది గానీ, ఆర్సీలో పేరు మాత్రం ఎవరూ మార్పించుకోలేదు. 2009లో ప్రమాదం జరిగినప్పుడు, ఎవరు ఎప్పుడు ఎవరికి అమ్మారో బాధితులు తవ్వి తీయలేరని, రికార్డులో పేరున్నవారే నష్టపరిహారానికి బాధ్యులని న్యాయస్థానం స్పష్టం చేసింది.

చట్టంలోని 50వ సెక్షన్ ఈ చిక్కు రాకుండానే గడువులు పెట్టింది. కారు అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవారు 14 రోజులలోగా ఫారం 29 ద్వారా రవాణా శాఖకు తెలియజేయాలి. కొన్నవారు 30 రోజులలోగా ఫారం 30తో పేరు మార్పుకు దరఖాస్తు చేసుకోవాలి. మీ చేత ఖాళీగా సంతకం చేయించుకున్నవి బహుశా ఇవే. తేదీ, కొన్నవారి పేరు రాయకుండా సంతకం పెట్టిన ఫారం ఖాళీ చెక్కు వంటిది. మంచి గిరాకీ తగిలేదాకా కారును మీ పేరు మీదే తిప్పుకోవడానికి అది కన్సల్టెన్సీవారికి ఎంతో అనుకూలం. నేనూ ఒకప్పుడు స్టాంపు కాగితం మీద రాయించుకున్న నాలుగు వాక్యాలు చాలనుకుని నిశ్చింతగా కూర్చున్నవాడినే కనుక మిమ్మల్ని తప్పు పట్టలేను.

ఇప్పుడైనా ఆలస్యం చేయకండి. కన్సల్టెన్సీ నుంచి డబ్బు వచ్చిన బ్యాంకు వివరం, డెలివరీ కాగితం, అప్పటి సందేశాలు ఏవి దొరికినా పోగుచేసి, ఫారం 29ని, జరిగినది వివరిస్తూ ఒక అర్జీని మీ రవాణా కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. అదే అర్జీ ప్రతిని చలాన్లు వేసిన పోలీసు విభాగానికీ, కన్సల్టెన్సీకీ స్పీడ్ పోస్టులో పంపండి. చలాను ఫొటోలో నడిపినవారు కనిపిస్తుంటే దానినీ జతచేయండి. అప్పటికీ చలాను రద్దు కాకపోతే ముందు కట్టి, ఆ మొత్తాన్ని కన్సల్టెన్సీ నుంచి రాబట్టుకోవడమే చాలామందికి మిగిలే దారి.

ఇకముందు అమ్మబోయేవారికి ఒక వెసులుబాటు ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం పాత వాహనాల వ్యాపారులు రవాణా శాఖ నుంచి అధికార పత్రం పొందాలి. వారికి కారు అప్పగించినట్లు ఫారం 29సి ద్వారా తెలియజేస్తే, అక్కడి నుంచి ఆ కారు బాధ్యత వారిదే అవుతుంది. ఆ పత్రం చూపించమని అడిగినప్పుడు మాట దాటేసేవారికి కారు ఇవ్వకపోవడమే మేలు.

ప్రశ్న: షోరూమ్‌వారు ఆషాఢం ఆఫర్ అంటున్నారు. మా అత్తగారు శూన్యమాసంలో బండి ఇంటికి రాకూడదంటున్నారు. ఇద్దరి మాటా నెగ్గే మార్గం ఉందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఉంది. మీ అత్తగారిలా ఆలోచించే ఇళ్లు మన దగ్గర ఎక్కువ కాబట్టే ఆ నెలలో తగ్గింపు ఇస్తారు. సాధారణంగా ధర బుకింగ్ తేదీని బట్టి కాక ఇన్‌వాయిస్ తేదీని బట్టి ఉంటుంది. అందువల్ల ఇన్‌వాయిస్ ఆషాఢంలో చేయించుకుని, డెలివరీ శ్రావణ శుక్రవారానికి పెట్టుకోవచ్చునేమో అడిగి, ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకోండి. బీమా రోజులు మాత్రం పాలసీ తేదీ నుంచే లెక్కకు వస్తాయి.

ధర పట్టికలో ఎక్స్‌షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, బీమా విడివిడిగా ఉండాలి. కారు విలువ 10 లక్షల రూపాయలు దాటితే 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు. దానిని మీ ఆదాయపు పన్ను లెక్కలో సర్దుబాటు చేసుకోవచ్చు. బీమా షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నియమం లేదు కనుక బయట ధర కూడా కనుక్కోండి. ‘హ్యాండ్లింగ్ చార్జీ’ అనే వరుస కనిపిస్తే అది ఏ సేవకో అడగండి. అడిగినవారికి అది తరచుగా మాయమవుతుంది. సేల్ సర్టిఫికెట్‌లో తయారీ నెల, సంవత్సరం రాసి ఉంటాయి, వాటినీ ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: నాలుగు రోడ్ల కూడలిలో నేరుగా వెళ్లేటప్పుడు నాలుగు ఇండికేటర్లూ వేస్తాను. మా అబ్బాయి తప్పంటున్నాడు. ఎవరిది ఒప్పు?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ అబ్బాయిదే. ఆ లైట్లు బండి చెడిపోయి రోడ్డు మీద ఆగిపోయినప్పుడు వెనకవారిని హెచ్చరించడానికి ఉన్నవి. కూడలిలో మీకు ఎడమవైపు నుంచి వచ్చే మోటారు సైకిలు మనిషికి మీ కారు ఎడమ మూల మాత్రమే కనిపిస్తుంది. అక్కడ ఇండికేటరు ఆరుతూ వెలుగుతుంటే మీరు ఎడమకు తిరిగిపోతున్నారనుకుని అతను ధీమాగా ముందుకు వచ్చేస్తాడు, మీరేమో నేరుగా అతని మీదికే వస్తారు. నేరుగా వెళ్లేవారికి ఏ ఇండికేటరూ అక్కరలేదు, వేగం తగ్గిస్తే చాలు. జోరువానలోనూ ఇదే వర్తిస్తుంది: నాలుగూ వేసి నడిపితే మీరు లేను మారేది ఎవరికీ తెలియదు, అప్పుడు హెడ్‌లైట్లు వేసుకోండి.

ప్రశ్న: ఏడాదిన్నర మనవడిని ముందు సీట్లో ఒడిలో కూర్చోబెట్టుకుని, బెల్టు ఇద్దరికీ కలిపి పెట్టుకుంటాను. కోడలు వద్దంటుంది. అంత ప్రమాదమా?
– ఒక తాతగారు, రాజమహేంద్రవరం

జవాబు: అవునండీ, మీ కోడలి మాట వినండి. గట్టిగా బ్రేకు పడినప్పుడు ముందుకు తూలే మీ శరీరం బరువంతా బెల్టుకూ మీకూ మధ్యనున్న పసివాడి మీద పడుతుంది; ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ దెబ్బ నేరుగా వాడి తలకే తగులుతుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద 1,000 రూపాయల జరిమానా కూడా ఉంది. మనవడికి పిల్లల సీటు కొని వెనక బిగించండి. మీరు వాడి పక్కనే కూర్చుని మీ బెల్టు మీరు పెట్టుకోండి, వెనక కూర్చున్నవారికీ అది తప్పనిసరే. పాత కారులో పిల్లల సీటును తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు లేకపోయినా సీటు బెల్టుతో బిగించే రకం దొరుకుతుంది. బెల్టు పొడవు చాలక తిరిగి ఇచ్చేసేవారు ఉన్నారు కనుక, డబ్బు కట్టే ముందు ఆ సీటును కారు దగ్గరికి తెప్పించుకుని ఒకసారి బిగించి చూడండి.