విగ్గు కింది జుట్టును మరిచిపోవద్దు

ప్రశ్న: అక్కా, మాది నర్సంపేట. హన్మకొండలో బట్టల దుకాణంలో పనిచేస్తున్న. టైఫాయిడ్ వచ్చి తగ్గినంక జుట్టు బాగా ఊడింది. ఏడాది నుంచి విగ్గు పెట్టుకుంటున్న. ఇప్పుడు కణతల దగ్గర పలచబడుతోంది, నెత్తి ఒకటే దురద. విగ్గుకు గాలి ఆడక కుదుళ్లు చచ్చిపోతాయని మా అత్తమ్మ అంటోంది. ఉన్న జుట్టునన్నా ఎట్ల కాపాడుకోవాలె?

జవాబు: చెల్లె, ముందు మీ అత్తమ్మ భయం తీరుద్దాం. కుదురుకు కావలసిన ప్రాణవాయువు రక్తం నుంచే అందుతుంది. విగ్గు కప్పినంత మాత్రాన అది చావదు.

నాకు దిగులనిపించింది కణతల సంగతి. అద్దం ముందు నిలబడి చూసుకో. విగ్గు క్లిప్పులు పడే చోటు, జుట్టు పోయిన చోటు ఒకటేనా? ఒకటే అయితే చెరుపు చేస్తున్నది క్లిప్పే. మా పార్లర్‌కు ఎవరొచ్చినా నేను ముందు విగ్గు తిరగేసి చూస్త. క్లిప్పు పళ్ల సందున సన్నటి పొట్టి వెంట్రుకలు చిక్కుకొని ఉంటాయి. కొసన తెల్లటి బుడిపె ఉంటే కుదురు నుంచి ఊడినట్టు, లేకుంటే నడుమ తెగినట్టు. రోజుకు యాభై నుంచి వంద దాకా ఊడడం ఎవరికైనా మామూలే. కానీ అవన్నీ ఒక్క చోటి నుంచే ఊడొద్దు కదా! ఇట్ల లాగుడుకు ఊడడాన్ని చర్మ డాక్టర్లు ట్రాక్షన్ అలోపీసియా అంటారు. తొందరగా లాగుడు ఆపితే మళ్లీ మొలుస్తుంది. ఏళ్ల తరబడి సాగితే ఆ చోట చర్మం నున్నగయి ఇక రాదు. నీకింకా ఏడాదే. క్లిప్పులు ఇయ్యాలే కోసి తీసెయ్. విగ్గు లోపల వెనక భాగాన బిగించుకునే పట్టీలుంటాయి, వాటిని వాడుకో. జారుతుందనిపిస్తే నుదుటి చుట్టూ వెల్వెట్ బ్యాండు పెట్టి, దాని మీద విగ్గు పెట్టుకో. గమ్ము జోలికి మాత్రం పోకు.

దురద చాలావరకు చెమటది, చుండ్రుది. పొద్దున తలస్నానం చేసి, బస్సు పోతదని తడి జుట్టు మీదనే విగ్గు పెట్టుకునేవాళ్లను ఎందరినో చూసిన. అంతకన్నా చెడ్డ పని లేదు. తడికి, వేడికి చుండ్రు తెచ్చే ఫంగస్ పెరుగుతుంది. మే నెలలో మన దగ్గర ఎండ 42, 43 డిగ్రీలు దాటుతుందాయె. అందుకే సాయంత్రం పూట తలస్నానం చెయ్యి, పూర్తిగా ఆరనియ్యి. విగ్గు కింద పల్చటి నూలు టోపీ వేసుకో, రోజూ ఉతికింది ఉండాలె. నూనె పెట్టి దాని మీద విగ్గు వద్దు. నూనె ఆ ఫంగస్‌కు తిండి. సెలవునాడు పెట్టుకొని కుంకుడుకాయతో రుద్దుకో.

ఇంటికి పోంగనే విగ్గు తీసెయ్. చుట్టాలు చూస్తరని పడుకునేదాకా ఉంచుకునే ఆడవాళ్లున్నరు. వాళ్ల బాధ తలుచుకుంటే నాకు మనసు కలుక్కుమంటది. ఎనిమిది, పదిసార్లు పెట్టుకున్నంక విగ్గును చల్లటి నీళ్లలో కొంచెం షాంపూ వేసి కడుగు. పిండకు. ఎండాకాలం ఇంకా ముందే కడగాలె.

ఇంకొక మాట. టైఫాయిడ్‌కు ఊడిన జుట్టు మామూలుగా ఆరేడు నెలలకు తేరుకోవాలె. నీకు ఏడాదైనా రాలేదంటే ఇనుము, థైరాయిడ్ పరీక్షలు చేయించు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి చర్మవ్యాధుల ఓపీలో ఒకసారి చూపించుకో.

ప్రశ్న: మేడారం పోయే ముందు వేములవాడలో తలనీలాలు ఇచ్చిన. గుండు మీద విగ్గు పెట్టుకొని కాలేజీకి పోవచ్చా? జుట్టు సరిగ్గా వస్తుందా? (జమ్మికుంట)

జవాబు: పోవచ్చు బిడ్డా. కత్తి గాట్లు పూర్తిగా మానినంకనే పెట్టుకో, కింద నూలు టోపీ తప్పనిసరి. విగ్గు పెట్టుకున్నంత మాత్రాన జుట్టు రావడం ఆగదు. నెలకు ఒక సెంటీమీటరు, కొంచెం అటూ ఇటూ పెరుగుతుంది. ఒత్తుగా రావాలని మళ్లీ మళ్లీ గీయించకు, గీస్తే కుదుళ్లేమీ పెరగవు.