స్టాంపుల పెట్టె: ఎస్ సి అంటే ఎవరు?

మా తాతగారి ఆల్బంలో విక్టోరియా రాణి బొమ్మతో ఎర్రటి ఒక పెన్నీ స్టాంపు దొరికింది. పై మూలల్లో నక్షత్రాల్లాంటివి, కింది మూలల్లో ఎస్, సి అనే అక్షరాలు ఉన్నాయి. చుట్టూ పళ్లు లేవు. వెనక కాగితం నీలంగా ఉంది, ఇంకు ఒలికిందేమో! ఆ అక్షరాలు ఎవరి పేరండీ? ప్లేటు నంబరు తెలుసుకోవడం ఎలా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

అవి ఎవరి పేరూ కావమ్మా. షీటులో ఆ స్టాంపు ఎక్కడిదో చెప్పే గుర్తులు. మన బెజవాడ సినిమా హాళ్లలో టికెట్టు మీద వరసకో అక్షరం, సీటుకో నంబరు వేసినట్టే. ఎడమ అక్షరం అడ్డవరసది, కుడి అక్షరం వరసలో స్థానానిది. మీ ఎస్ సి అంటే పంతొమ్మిదో వరసలో మూడోది. షీటుకి 20 వరసలు, వరసకి 12 స్టాంపులు, మొత్తం 240. అప్పటి ఇంగ్లండులో 12 పెన్నీలు ఒక షిల్లింగు, 240 పెన్నీలు ఒక పౌండు. ఒక వరస కత్తిరించి ఇస్తే షిల్లింగు, షీటంతా ఇస్తే పౌండు. రైల్వే తపాలా విభాగం ఆర్ఎంఎస్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి, ఆ కౌంటరు గుమాస్తా మీద నాకు కాస్త అసూయే.

నీలం గురించి బెంగపడకండి. తడి కాగితం మీద అచ్చు వేసేవారు, ఇంకులోని రసాయనాల వల్ల ఆ రంగు తేలింది. తుడవకండి, నీళ్లలో నానబెట్టకండి.

ఇక ప్లేటు సంగతి. ప్లేటంటే షీటంతా అచ్చు వేసే లోహపు పలక. మీ స్టాంపు మీద ఆ నంబరు ఎంత వెతికినా దొరకదు, అది షీటు అంచు మీదే ఉండేది. పళ్లు లేవు, పైన నక్షత్రాలు ఉన్నాయి కాబట్టి ఇది 1841 నుంచి 1854 దాకా నడిచిన రకం. ఆ కాలంలో నూటికి పైగా ప్లేట్లు వాడారు. రాణి బొమ్మ ప్లేట్లన్నిటికీ ఒకే డై (బొమ్మ చెక్కిన మూల అచ్చు) నుంచి దిగింది. అక్షరాలు మాత్రం పనివాడు పంచ్ పెట్టి సుత్తితో ఒక్కొక్కటే కొట్టాడు. చెయ్యి కాస్త అటూ ఇటూ అవుతుంది కదా, అందుకే ఒక ప్లేటులోని ఎస్ సి ఇంకో ప్లేటులో అచ్చంగా అలాగే రాదు.

మీరు పంపిన ఫొటోని పెద్దది చేసి చూశాను. ఎస్ గడిలో పైకి జరిగి, కొంచెం ఎడమకి ఒరిగింది. సి కుడి గీతకి దాదాపు ఆనుకుంది, దాని కింద ఖాళీ బాగానే ఉంది. ఈ రెండు సంగతులూ కాగితం మీద రాసుకుని, ప్లేట్లవారీగా ఎస్ సి స్టాంపుల ఫొటోలు ముందు పెట్టుకుని, కానివాటిని ఒక్కొక్కటీ తీసేసుకుంటూ రావాలి. ఓపిక ఉంటే ఇంతకంటే మంచి కాలక్షేపం లేదు. ఒక చిత్రం చెప్పనా? 77వ ప్లేటులో బి వరస మొదటి స్టాంపుకి పనివాడు రెండో అక్షరం కొట్టడమే మరిచిపోయాడు. ఆ ఖాళీ గడి కోసం స్టాంపులు సేకరించేవాళ్లు పడిచస్తారు.

ధర అడగలేదు, సంతోషం. అయినా చెబుతున్నాను, ఎడమ పక్క కత్తెర బొమ్మలోకి దిగింది, కాబట్టి పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

నా ఎర్ర పెన్నీ స్టాంపుకి (పెన్నీ రెడ్) నాలుగు మూలలా అక్షరాలున్నాయి, పక్కన 77 అని ఉంది. వాట్సాప్‌లో కోట్లు పలుకుతుందంటున్నారు. నిజమేనా సార్?
– ఇంటర్ విద్యార్థి, పటమట, విజయవాడ

నాయనా, ఇది పైన చెప్పిన 77 కాదు, వేరే సిరీస్. నువ్వు చెప్పే రకానికి ప్లేటు నంబరు రెండు పక్కల అల్లికలో సన్నగా చెక్కి ఉంటుంది, 71 నుంచి 225 దాకా, మధ్యలో కొన్ని లేవు. 77వ ప్లేటు సరిగ్గా రాలేదని పక్కన పెట్టేశారు. ఎలాగో బయటికొచ్చినవి ప్రపంచం మొత్తమ్మీద వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. 177 మాత్రం కొల్లలు. దాని మొదటి ఒకటి తపాలా ముద్ర కింద మరుగున పడొచ్చు, లేదా ఎవరైనా బ్లేడుతో గీకేసి ఉండొచ్చు. స్టాంపుని పక్కకి తిప్పి, రెండు వైపులా నంబరు చూడు. రెండంకెలు నడిమధ్యన ఉన్నాయా, ఒక పక్కకి జరిగి, ముందు ఖాళీ మిగిలిందా? నీ ఫొటోలో కుడివైపు ఏడుకి ముందు గీత అడుగుభాగం నాకు కనబడుతూనే ఉంది. 177 అని రాసి ఆల్బంలో పెట్టుకో. అన్నట్టు, పై అక్షరాలు కిందివాటికి తిరగేసి ఉంటాయి. రెండు వాడిన స్టాంపుల్లో ముద్ర పడని ముక్కలు అతికించి మళ్లీ వాడకుండా చేసిన ఏర్పాటు అది.

మన దేశపు 1854 నాటి నీలం అర్ధణా స్టాంపుకి కూడా ఇలా అక్షరాలుంటాయా?
– ఒక పాఠకుడు, తెనాలి

ఉండవండీ. అవి కలకత్తా సర్వే ఆఫీసులో కెప్టెన్ తుయిలియర్ ఆధ్వర్యంలో రాతి అచ్చు మీద వేసినవి. డైల తేడా రాణి జుట్టు ముడిలోని గీతల్లో, మూలల్లోని నక్షత్రాల్లో పట్టుకోవాలి. పది రెట్ల భూతద్దం కావాలి. బొమ్మని రాతి మీదికి దించేటప్పుడు పడ్డ మచ్చలనిబట్టి షీటులో చోటు కూడా కొంతవరకు పోల్చవచ్చు. వాటర్‌మార్కు (కాగితాన్ని వెలుగుకి పెడితే కనబడే గుర్తు) ఈస్టిండియా కంపెనీ చిహ్నం. అది షీటు మీద పెద్దగా పరుచుకుని ఉండేది. మీ ఒక్క స్టాంపు మీద దాని ముక్క పడొచ్చు, పడకపోవచ్చు. కనబడలేదని నకిలీ అనేయకండి.