తలుపు రెక్సిన్ కోసం ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా?

ప్రశ్న: మా నాన్నగారి 1986 ప్రీమియర్ పద్మిని ఇప్పటికీ నడుస్తోంది. నాలుగు తలుపుల లోపలివైపు రెక్సిన్ ఎండి పగిలింది. అన్నీ కొత్తగా వేయడానికి 30 వేలు అడుగుతున్నారు. లక్ష రూపాయల ఎఫ్‌డీ బ్రేక్ చేయనా? రేపు అమ్మితే ఈ డబ్బు తిరిగొస్తుందా?
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: తిరిగొస్తుందని లెక్క వేసుకోకండి. ఇది పెట్టుబడి కాదు, ముచ్చట ఖర్చు. ముచ్చట తీర్చుకోండి, కానీ ఎఫ్‌డీ జోలికి వెళ్లొద్దు. గడువుకు ముందే తీస్తే సాధారణంగా వడ్డీలో కోత పడుతుంది. పైగా చేతికొచ్చిన మిగతా 70 వేలు సీట్లకో, పెయింటింగుకో పోతాయి. పాత కారు సంగతి మీకు నేను చెప్పాలా!

షాపుకి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక్క తలుపు ప్యానెల్ ఊడదీయించి చూడండి. వెనకున్న హార్డ్‌బోర్డు కింది అంచు ఉబ్బి, పొరలుగా విడిపోతోందా? అయితే అద్దం దగ్గర రబ్బరు బీడింగ్ ఎండిపోయి వాననీళ్లు లోపలికి దిగుతున్నట్టే. దాన్ని వదిలేసి పైన కొత్త రెక్సిన్ అంటిస్తే మళ్లీ అదే షాపు మెట్లెక్కుతారు. బీడింగ్ మార్పించి, తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు శుభ్రం చేయించి, బోర్డు వెనక ప్లాస్టిక్ షీటు వేయించండి. వీటిని వాయిదా వేయకండి.

మురికి మాత్రమే పట్టిన ప్యానెల్‌కి సబ్బునీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. థిన్నర్ తగలనివ్వొద్దు. పగిలినదాన్ని మాత్రం ఏ పాలిషూ బాగుచేయదు. రెక్సిన్ పైపొర అయిన వినైల్‌ని మెత్తగా ఉంచే పదార్థం ఏళ్ల ఎండకు పోయాకే అది బిరుసెక్కి పగులుతుంది. అలాంటి తలుపులకే కొత్తది వేయించండి. తీసిన పాత ప్యానెళ్లు పారేయొద్దు, కొత్తవాటి కొలతలకు, డిజైన్‌కు అవే ఆధారం.

ఆర్‌సీ గడువు కూడా చూసుకోండి. 15 ఏళ్లు దాటిన సొంత కారుకి ఐదేళ్లకోసారి రెన్యువల్ తప్పదు. 20 ఏళ్లు దాటినవాటికి ఆ ఫీజును 2025లో 10 వేలకు పెంచారు. రెక్సిన్ కంటే ఇది ముందు. వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి 50 ఏళ్లు నిండాలి, మీ కారుకి ఇంకా టైముంది. సొంత వాడకం కారు అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు, నష్టమొస్తే చూపించుకునే వీలూ లేదు. రెక్సిన్ బిల్లు మాత్రం దాచండి. ఐదేళ్లు దాటిన కారు ఐడీవీని, అంటే బీమా కోసం లెక్కగట్టే కారు విలువని, ఇన్సూరెన్స్ కంపెనీతో మాట్లాడుకునే నిర్ణయిస్తారు, అప్పుడు పనికొస్తుంది.

నెలకు 3 వేల చొప్పున ఆర్‌డీ కడితే పది నెలల్లో 30 వేలు మీ చేతిలో ఉంటాయి. మొదట డ్రైవర్ వైపు తలుపు చేయించండి, రోజూ మోచేయి ఆనేది దానికే కదా.