నీ టైమ్‌టేబుల్ సంగతి తర్వాత, ముందు నాన్నతో మాట్లాడు

హిందూపురం నుంచి బెంగళూరు వచ్చి ఎంకాం మొదటి ఏడాది చదువుతున్న అమ్మాయి రాసింది. మారతహళ్లిలో పీజీ హాస్టల్‌లో ఉంటోంది, పగలు కాలేజీ, సాయంత్రం నాలుగు నుంచి పది దాకా కాల్ సెంటర్‌లో తెలుగు వాయిస్ ప్రాసెస్ ఉద్యోగం. అటెండెన్స్ 75 శాతం కిందకి పడిపోయింది, పరీక్షలకి కూర్చోనిస్తారో లేదో అని భయం. ఫీజు కట్టింది మేనమామ. అత్తయ్య ఫోన్ చేసినప్పుడల్లా "ఎలాగూ మా ఇంటికి రావాల్సిన పిల్లవే కదా" అంటోందట, ఈ అమ్మాయికి బావ మీద ఆ ఉద్దేశమే లేదు. అందుకే జీతంలో మిగిల్చి మామయ్య బాకీ తీర్చేయాలని నోట్‌బుక్ చివరి పేజీలో లెక్క రాసుకుంటోంది. చదువూ ఉద్యోగమూ రెండూ నడవాలంటే టైమ్ ఎలా సర్దుకోవాలి అని అడిగింది.

సర్దుకోలేవు తల్లీ. ఆరు గంటలు హెడ్‌సెట్ పెట్టుకుని ఎవరెవరి చేతో తిట్లు తిని, ఆ ట్రాఫిక్‌లో పడి పీజీకొచ్చి చల్లారిన అన్నం తిని, తెల్లారి క్లాసులో కళ్ళు తెరుచుకుని కూర్చోవడం రోజూ ఎవరివల్లా కాదు.

నీ ఉత్తరం నిండా మామయ్య, అత్తయ్య, బావ. మీ నాన్న మాత్రం "నాన్న ఏమీ అనరు" అని ఒక్క లైన్‌లో వచ్చి పోయారు. నాకు గుచ్చుకుంది అదే. బావమరిది దగ్గర డబ్బు తీసుకున్నది ఆయన, ఇది అప్పు, తీరుస్తాను అని ఆ రోజే నోరు తెరిచి చెప్పాల్సింది కూడా ఆయనే, చెప్పలేదు, దాంతో మామయ్య వాళ్ళు పెళ్ళికి మీరు ఒప్పుకున్నట్టే అనుకున్నారు, అందులో వాళ్ళ తప్పు సగమే. కూతురి చదువు బాకీ తండ్రిది, దాన్ని నువ్వు నిద్ర మానుకుని తీరుస్తుంటే ఆయనకి తెలియను కూడా తెలియదు. నాన్నని ఇబ్బంది పెట్టకూడదు అని రాశావు. పెట్టు. ఆయన ఇప్పుడు మాట్లాడకపోతే రేపు తాంబూలాల రోజు నువ్వొక్కదానివే అందరి మధ్యా మాట్లాడాల్సి వస్తుంది.

రెండో ఏడాది ఫీజు మామయ్య దగ్గర తీసుకోవద్దు. ఎడ్యుకేషన్ లోన్ అడగండి, మామూలుగా 4 లక్షల దాకా తాకట్టు అడగరు, చదువు అయ్యాక ఇంకో ఏడాదికి గానీ కంతులు మొదలవ్వవు, విద్యాలక్ష్మి పోర్టల్‌లోనే అప్లై చెయ్యొచ్చు. కాకపోతే తల్లో తండ్రో కూడా సంతకం పెట్టాలి. నాకు నచ్చేది కూడా ఆ సంతకమే, అందులోనైనా ఇది మా ఇంటి అప్పు అని ఆయన ఒప్పుకుంటారు.

ఉద్యోగం శని ఆదివారాలకి మార్చమని అడుగు, కుదరదంటే మానెయ్. ఈ ఆదివారం నాన్నని బెంగళూరు రమ్మను, ఫోన్‌లో చెప్పకు, ఫోన్ అమ్మ చేతికి ఇచ్చేస్తారు. ఎదురుగా కూర్చోబెట్టి ఆ చివరి పేజీ చూపించు, బావని చేసుకోను అని అప్పుడే చెప్పు. మామయ్యకి ఆ మాట నాన్నే చెప్పాలి, నువ్వు కాదు. వచ్చేటప్పుడు ఆధార్, పాన్, ఇన్‌కమ్ సర్టిఫికెట్ తెచ్చుకోమను.